ఆ సిస్టమ్ నాకొక్కడికే తెలుసు, సంక్రాంతికి కూడా ఫోన్ ఆపలేను: మీరెలా నెట్టుకొస్తున్నారు?

నైట్‌బ్యాచ్_తెనాలి
నానక్‌రామ్‌గూడలో ఒక అమెరికా రిటైల్ కంపెనీ సెంటర్‌లో పనిచేస్తున్నాను. దుకాణాల్లో కార్డు మీద జరిగిన అమ్మకాల డబ్బు బ్యాంకు నుంచి సరిగ్గా వచ్చిందా లేదా అని లెక్క సరిచూసే సిస్టమ్ నా చేతిలో ఉంది. పాత వెర్షన్ జావా 8, ఒరాకిల్ డేటాబేస్‌లో పొడవాటి ప్రొసీజర్లు, వాటిని వరసగా నడిపే షెల్ స్క్రిప్టులు. రాసినవాళ్ళంతా మానేసి వెళ్ళిపోయారు.

బ్యాంకు ఫైలు న్యూయార్క్ టైమ్ ప్రకారం సాయంత్రం నాలుగింటికి వస్తుంది. మనకు వేసవిలో రాత్రి ఒంటిగంటన్నర, నవంబర్ నుంచి మార్చి దాకా రెండున్నర. ఫైలు లేటయితే అలర్ట్, డిస్క్ నిండితే అలర్ట్, సీపీయూ 80 శాతం దాటితే అలర్ట్. లాగిన్ అయ్యేసరికి సగం వాటంతట అవే సర్దుకుంటాయి. నా నిద్ర మాత్రం పోతుంది. నాతో పాటు పాప లేస్తుంది, పాపతో మా ఆవిడ లేస్తుంది. తనకీ పొద్దున్నే ఆఫీసు.

రోస్టర్‌లో పేరుకి ముగ్గురం. మిగతా ఇద్దరి వారంలో కూడా చివరికి ఫోన్ నాకే వస్తుంది. ప్రొసీజర్ మధ్యలో ఆగితే ఎక్కడి నుంచి మళ్ళీ నడపాలో వాళ్ళకు తెలీదు. నాన్నగారికి సంక్రాంతి తర్వాత శుక్లం ఆపరేషన్ ఉంది. పండక్కి వెళ్ళి అక్కడే కొన్నాళ్ళు ఉందామనుకున్నా. మా లీడ్‌ని అడిగితే "వెళ్ళు, లాప్‌టాప్ పట్టుకెళ్ళు" అన్నారు. అది సెలవెలా అవుతుంది?

ఇలాంటి సిస్టమ్ చూస్తూ ఇల్లు కూడా చూసుకుంటున్నవాళ్ళు ఏం చేస్తున్నారో చెప్పండి. ఓపిక పట్టమని మాత్రం చెప్పొద్దు.

కొండాపూర్_కుర్రాడు
మారిపో అన్నా. నీ అనుభవానికి బయట మంచి ప్యాకేజీ వస్తుంది. ఆ సిస్టమ్ ఏమైపోతే నీకెందుకు?

వరంగల్_ఎస్ఆర్ఈ
మారడం తర్వాత సంగతి. ముందు ఈ రాత్రులు తగ్గించుకోవచ్చు, నేను చేసింది చెప్తా.

పోయిన నెల వచ్చిన అలర్టులన్నీ ఒక షీట్‌లో పెట్టండి. ఎప్పుడొచ్చింది, లేచి ఏం చేశారు, అంతే. "ఏం చేశారు" కింద "ఏమీ లేదు, చూసి పడుకున్నా" అని రాయాల్సి వచ్చిన ప్రతిదాన్నీ రాత్రి మనిషిని లేపే అలర్టుల్లోంచి తీసేసి, పగలు చూసుకునే టికెట్‌గా మార్చండి. సీపీయూ 80 శాతం అనేది అసలు సమస్యే కాదు. బ్యాచ్ (రాత్రి వరసగా నడిచే జాబులు) నడుస్తుంటే సీపీయూ వాడకపోతే ఇంకేం వాడుతుంది? పొద్దున లెక్కలు అందాల్సిన టైమ్‌కి అందవేమో అన్నప్పుడే మనిషిని లేపాలి. డిస్క్‌కి కూడా అంతే. 85 శాతం దాటిందని కాకుండా, ఇదే వేగంతో నిండితే నాలుగు గంటల్లో అయిపోతుంది అన్నప్పుడు మోగేలా పెట్టుకోండి. సిస్టమ్‌ల మీద కన్నేసి ఉంచే ప్రోమీథియస్ టూల్‌లో దానికి ఫంక్షన్ కూడా ఉంది.

గూగుల్ వాళ్ళు 2016లో తెచ్చిన ఎస్ఆర్ఈ (సిస్టమ్‌లు ఆగకుండా చూసే ఇంజినీరింగ్) పుస్తకంలో పన్నెండు గంటల షిఫ్టుకి రెండు సంఘటనలు మించకూడదని రాశారు. ఒకే ఊళ్ళో ఉన్న టీమ్ ఇరవైనాలుగు గంటలూ చూడాలంటే కనీసం ఎనిమిది మంది ఉండాలని కూడా.

మియాపూర్_మెట్రో
ఎనిమిది మందా! మా టీమే నలుగురు, అందులో ఒకరు మెటర్నిటీ లీవ్. ఆ లెక్కలు గూగుల్‌కి చెల్లుతాయి, మనకెక్కడ చెల్లుతాయి?

వరంగల్_ఎస్ఆర్ఈ
@మియాపూర్_మెట్రో ఎనిమిది మందిని ఎవరూ ఇవ్వరు, నాకూ తెలుసు. కానీ మేనేజర్ ముందు కూర్చున్నప్పుడు "నాకు కష్టంగా ఉంది" అనడం వేరు, "ఇంతమంది చేయాల్సిన పని ముగ్గురు చేస్తున్నాం, రాత్రికి ఇన్నిసార్లు లేస్తున్నాం" అని కాగితం ముందు పెట్టడం వేరు. ఆ పుస్తకంలోనే ఒక్కో సంఘటన మూలం వెతికి, సరిచేసి, రాసిపెట్టేసరికి సగటున ఆరు గంటలు పడుతుందని ఉంది. మనవాళ్ళు లేచిన పావుగంటే లెక్కేస్తారు. మర్నాడు పోయిన సగం రోజు ఎవరి లెక్కలోకీ రాదు.

నిజాంపేట_ఇంటావిడ
నేను ఐటీ కాదు, మా వారు ప్రొడక్షన్ సపోర్ట్ (వాడకంలో ఉన్న సిస్టమ్‌లు చూసే పని). ఆ ఫోన్ ఆయనకంటే ముందు నాకు వినిపిస్తుంది. బాబు పుట్టాక ఇలా కుదరదని మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఆన్‌కాల్ (రాత్రి అలర్ట్ వస్తే లేచి చూడాల్సిన) వారం ఆయన పడక హాల్లో, లాప్‌టాప్, నీళ్ళ సీసా, చార్జర్ అన్నీ అక్కడే. బెడ్‌రూమ్ తలుపు వేసేస్తాం. ఆ వారం రాత్రి బాబు ఏడిస్తే నేనే చూస్తా. తర్వాతి వారం రాత్రిళ్ళు పూర్తిగా ఆయనవి, నన్ను లేపరు.

అసలు ఇబ్బంది పగలు. రాత్రంతా మేలుకున్న మనిషి పొద్దున ఎనిమిదింటికి పడుకుంటే ఇంట్లో ఉన్నాడు కదా అని అందరూ పనులు చెప్తారు. గ్యాస్ బండ వచ్చింది, కొరియర్ వచ్చింది, కరెంట్ బిల్లు కట్టలేదు అని అత్తయ్యగారు లేపేవారు. ఒకసారి రాత్రి కాల్ నడుస్తుండగా ఆవిడ్ని పక్కన కూర్చోబెట్టాను. రెండింటి నుంచి నాలుగున్నర దాకా ఆయన కుర్చీలోంచి లేవకపోవడం ఆవిడ చూశారు. మర్నాడు ఆవిడే బెల్లు స్విచ్ ఆపేసి, కుక్కర్ కూడా ఆయన లేచాకే పెట్టారు.

క్యూఏ_కావేరి
@నిజాంపేట_ఇంటావిడ చదువుతుంటే సంతోషమేసింది, కానీ ఒక మాట అడగాలి. మా ఇంట్లో ఇద్దరికీ ఆన్‌కాల్ ఉంది. మా ఆయన వారం వస్తే ఇల్లంతా చప్పుడు చేయకుండా తిరుగుతుంది. నా వారం వస్తే మూడింటికి కాల్ ముగించి ఆరింటికి లేచి బాక్సులు నేనే కట్టాలి. ఎవరూ కట్టమని అనరు, అలాగని ఎవరూ ముందే లేచి కట్టరు. ఆడవాళ్ళ ఆన్‌కాల్‌కి ఇంట్లో ఇంకా లెక్క లేదు.

నిజాంపేట_ఇంటావిడ
నిజమేనండీ. మా ఇంట్లో ఆన్‌కాల్ నాదై ఉంటే బెల్లు ఎవరు ఆపేవారో నేనూ చెప్పలేను.

డల్లాస్_డీబీఏ
@క్యూఏ_కావేరి గారూ, ఆ వారానికి టిఫిన్ బయట నుంచి మాట్లాడుకోండి, వీలైతే ఆన్‌కాల్ అలవెన్స్ లోంచే. మేం ఇక్కడ అదే చేస్తున్నాం, ఒక ఆంటీ గారు డబ్బాలు పంపిస్తారు.

@కొండాపూర్_కుర్రాడు "మారిపో" అనడం హైదరాబాద్‌లో తేలిక తమ్ముడూ. ఇక్కడ హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి చూసుకోవాలి, లేకపోతే సామాన్లు సర్దుకోవాలి. అందుకే రాత్రి ఎన్నిసార్లు లేపినా నోరెత్తం. ఇల్లు కొనుక్కుని, పిల్లలు స్కూల్లో ఉన్నవాళ్ళయితే మరీను.

ఇంకో సంగతి. టైమ్ మారే రోజుల్ని చూసుకోండి. ఇక్కడ నవంబర్ మొదటి ఆదివారం రాత్రి రెండింటికి గడియారం ఒక గంట వెనక్కి వెళ్తుంది. ఒంటిగంటన్నర ఆ రాత్రి రెండుసార్లు వస్తుంది. నేను ఇంతకుముందు చేసిన ఒక చోట ఒంటిగంటన్నరకి పెట్టిన చెల్లింపుల జాబ్ రెండుసార్లు నడిచింది. మార్చి రెండో ఆదివారం రెండున్నర అసలు రాదు. అప్పటి నుంచి నేను చూసే ప్రతి షెడ్యూల్ యూటీసీ (ఏడాది పొడవునా మారని ప్రపంచ ప్రామాణిక సమయం)లోనే.

వరంగల్_ఎస్ఆర్ఈ
@డల్లాస్_డీబీఏ యూటీసీ అన్నిచోట్లా కుదరదు అన్నా. ఈయన బ్యాంకు ఫైలు న్యూయార్క్ టైమ్‌కి కట్టుబడి ఉంది. యూటీసీలో పెడితే ఏడాదిలో నాలుగు నెలలు జాబ్ ఫైలు కంటే గంట ముందే లేచి "ఫైలు రాలేదు" అని గోల చేస్తుంది. ఫైలు కోసం చూసే జాబ్‌ని న్యూయార్క్ టైమ్ జోన్‌లో, మిగతావి యూటీసీలో పెట్టాలి. ఏదైనా సరే, అక్కడి టైమ్ ఒంటిగంటకీ మూడింటికీ మధ్యలో పెట్టకూడదు.

డల్లాస్_డీబీఏ
అవును, ఆయన విషయంలో నీ మాటే కరెక్ట్. ఇంకా మంచిది, టైమ్ వదిలేసి ఫైలు రాగానే మొదలయ్యేలా పెట్టుకోవడం.

మెయిన్‌ఫ్రేమ్_మావయ్య
మీ అందరికంటే పెద్దవాణ్ణి, రిటైరయ్యాను. 1998, 99లో వైటూకే (2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయన్న సమస్య) పని మీద కోబాల్ ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాలు వెతికి మార్చే గుంపులో ఉన్నాను. ఆ రోజుల్లో లాప్‌టాప్ ఇంటికి తెచ్చుకోవడం లేదు. రాత్రి జాబ్ పడిపోతే ఆపరేటర్ ఇంటి లాండ్‌లైన్‌కి ఫోన్ చేసి "ఎస్‌జీరోసీసెవెన్ వచ్చిందండీ" అనేవాడు. అంకెలుండాల్సిన చోట ఇంకేదో చేరిందని అర్థం.

నైట్‌బ్యాచ్ బాబూ, నీ పోస్టులో నాకు పట్టుకున్న మాట ఒకటే: ఎక్కడి నుంచి మళ్ళీ నడపాలో నీకే తెలుసు అన్నావు. నీ నిద్ర పోతున్నది అక్కడ. మాకు ప్రతి జాబ్‌కీ కన్సోల్ పక్కన ఒక ఫైలు ఉండేది. ఏ స్టెప్ పడితే ఏ స్టెప్ నుంచి రీస్టార్ట్ చేయాలి, దానికి ముందు ఏ డేటాసెట్ తుడిచేయాలి, అంతే ఉండేది అందులో. ప్రోగ్రామ్ ఏం చేస్తుందో ఆపరేటర్‌కి తెలియక్కర్లేదు. ఫోన్ చేసేముందు ఆ పేజీ తీసి చూసేవాడు, పదింటికి తొమ్మిదిసార్లు మాకు ఫోనే వచ్చేది కాదు.

ఆ పేజీ ఇప్పుడు నువ్వు రాయాలి. ఒకేసారి అంతా రాద్దామని కూర్చోకు, అవ్వదు. ఈసారి పడినప్పుడు నువ్వు కొట్టిన కమాండ్లు వరసగా అతికించు. మళ్ళీ పడినప్పుడు మిగతా ఇద్దరిలో ఒకర్ని కూర్చోబెట్టి అది చూసి చేయమను. నువ్వు ఫోన్‌లో విను, నోరు మెదపకు. వాళ్ళు ఆగిపోయిన చోటల్లా ఆ పేజీలో ఒక వాక్యం తక్కువైందన్నమాట.

మియాపూర్_మెట్రో
మావయ్యా, ఇది ప్రింట్ తీసి మా ఫ్లోర్‌లో అంటిస్తా.

కొండాపూర్_కుర్రాడు
రన్‌బుక్ (మావయ్య చెప్పిన ఆ పేజీ) రాసేస్తే ఇక నీ అవసరమేంటని తీసేస్తే? అందుకే మా సీనియర్లు ఏదీ రాయరు.

లీడ్_నల్లకుంట
@కొండాపూర్_కుర్రాడు ఈ భయం చాలామందిలో చూశాను. మేనేజర్‌గా చెప్తున్నా, ఒక సిస్టమ్ తనకొక్కడికే తెలిసిన మనిషిని నేను దాని నుంచి కదిలించలేను. కొత్త ప్రాజెక్టు వస్తే పంపలేను, ప్రమోషన్ అడిగితే "ఇక్కడ ఎవరు చూస్తారు" అని పైవాళ్ళు అంటారు. రాయనివాళ్ళు ఉద్యోగం కాపాడుకుంటున్నామనుకుంటారు, ఏళ్ళ తరబడి అదే కుర్చీలో ఉండిపోతారు.

నైట్‌బ్యాచ్ గారూ, మీ లీడ్‌తో మాట్లాడేటప్పుడు నిద్ర గురించి మాట్లాడండి, తప్పులేదు. కానీ మెయిల్ మాత్రం ఇంకోలా రాయండి. "ఫలానా సిస్టమ్ పునరుద్ధరణ ఒక్క వ్యక్తి మీద ఆధారపడి ఉంది. ఆ వ్యక్తి జనవరిలో ఇన్ని రోజులు అందుబాటులో ఉండరు. ఆ రోజుల్లో బ్యాచ్ ఆగితే లెక్కలు ఎంత ఆలస్యమవుతాయో ఇది." ఇలా రాతలో వచ్చినదాన్ని నేను రిస్క్ రిజిస్టర్‌లో ఎక్కించి తీరాలి. ఆడిటర్లు అడుగుతారు. అప్పుడు మనిషిని ఇవ్వమని పైకి రాయడానికి నాకూ ఆధారం దొరుకుతుంది. నోటితో అడిగినవి మీటింగ్ అవ్వగానే గాల్లో కలిసిపోతాయి.

భీమవరం_బ్యాకెండ్
సంక్రాంతి సంగతి ఎవరూ ఎత్తలేదు, నేను ఎత్తుతా, ఎందుకంటే ఏటా నాకు మండేది అక్కడే.

అమెరికా రిటైల్‌లో థాంక్స్‌గివింగ్ ముందు నుంచి కొత్త సంవత్సరం దాకా కోడ్ ఫ్రీజ్. వాళ్ళ పండగల్లో ఎవరూ ఏదీ ముట్టుకోరు. జనవరి మొదట్లో ఫ్రీజ్ ఎత్తేస్తారు. ఆరేడు వారాలుగా ఆగిన రిలీజులన్నీ రెండో వారంలో పడతాయి. సరిగ్గా భోగి, సంక్రాంతి, కనుమ. వాళ్ళ పండక్కి సిస్టమ్ కదలదు, మన పండక్కి సిస్టమ్ మొత్తం కదులుతుంది. ఎవరూ కావాలని చేసింది కాదు, మన పండగ వాళ్ళ క్యాలెండర్‌లో లేదు, అంతే.

పోయినేడు పంతంగి టోల్‌గేట్ దగ్గర కార్ల వరసలో ఇరుక్కుని, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని, ఫోన్ హాట్‌స్పాట్ మీద రోల్‌బ్యాక్ (కొత్త రిలీజ్ తీసేసి పాతది పెట్టడం) చేశాను. వెనక సీట్లో పిల్లలు, పక్కన అమ్మ. వీపీఎన్ తెగుతుంది, మళ్ళీ ఓటీపీ, మళ్ళీ తెగుతుంది. అమ్మ ఒక్క మాట కూడా అనకుండా ఫోన్‌ని అద్దం దగ్గర ఎత్తి పట్టుకుంది, సిగ్నల్ అక్కడ బాగుందని. టోల్‌గేట్ దాటేదాకా ఆవిడ చెయ్యి దించలేదు. ఆ రోజే అనుకున్నా, ఇది మళ్ళీ జరగనివ్వకూడదని.

ఈసారి సెప్టెంబర్‌లోనే రిలీజ్ క్యాలెండర్‌లో జనవరి 12 నుంచి 16 దాకా "హైదరాబాద్ టీమ్ అందుబాటులో లేదు" అని పెట్టించాం. అమెరికా వైపు మేనేజర్‌కి ఇది మన థాంక్స్‌గివింగ్ అని చెప్తే వెంటనే ఒప్పుకున్నాడు. ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదన్నాడు.

డల్లాస్_డీబీఏ
అమ్మ చెయ్యి ఎత్తి పట్టుకున్న చోట ఆగిపోయాను తమ్ముడూ.

మియాపూర్_మెట్రో
@భీమవరం_బ్యాకెండ్ సెప్టెంబర్ మంచి సలహా. రోస్టర్ కూడా నవంబర్ మొదటి వారానికల్లా తేల్చుకోవాలి. 2024 నవంబర్ నుంచి రైల్వే ముందస్తు బుకింగ్ 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది కదా. సంక్రాంతి టికెట్లు నవంబర్ రెండో వారంలో తెరుచుకుంటాయి, తెరిచిన నిమిషాల్లో వెయిటింగ్ లిస్టే. ఎవరి వారమో డిసెంబర్‌లో చెప్తే బస్సుకి రెట్టింపు కట్టాలి.

కొత్తగా_చేరా
ఫ్రెషర్‌ని. నన్ను వచ్చే నెల నుంచి రోస్టర్‌లో వేస్తున్నారు. మీ పోస్టులు చదివి టెన్షన్ పెరిగింది. రాత్రి అలర్ట్ వస్తే నాకేమీ తెలీకపోతే ఎలా?

వరంగల్_ఎస్ఆర్ఈ
@కొత్తగా_చేరా మొదటి రొటేషన్ షాడోగా ఉండాలని గట్టిగా అడుగు, నీ ఫోన్ మోగుతుంది కానీ బాధ్యత సీనియర్‌ది. రాత్రి నువ్వు సిస్టమ్ మొత్తం బాగుచేయక్కర్లేదు. దెబ్బ ఎంతవరకు పాకిందో చూడు, పాకకుండా ఆపు, పావుగంటలో అంతు చిక్కకపోతే సెకండరీకి (రోస్టర్‌లో నీ తర్వాత పిలవాల్సిన మనిషికి) ఫోన్ చెయ్. లేపినందుకు తిట్టే సీనియర్ ఉంటే ఆ టీమ్‌లోనే ఏదో తేడా ఉంది.

మియాపూర్_మెట్రో
టెన్షన్ పడకు తమ్ముడూ, తోడు దొరుకుతుంది. మా అపార్ట్‌మెంట్‌లో రాత్రి ఆ అలర్ట్ టోన్ మోగితే మూడు ఫ్లాట్లలో లైట్లు వెలుగుతాయి, ఎవరిదో తెలీక.

క్యూఏ_కావేరి
😂 టోన్ మార్చుకోండి బాబూ. మా వాడికి నిద్రలో కూడా ఆ టోన్ గుర్తే, "అమ్మా ప్రొడక్షన్" అంటాడు.

జావా17_జనార్దన్
అలర్టులు తగ్గించడం సరే, అసలు ఆ జావా 8 సంగతి? 2021 డిసెంబర్ గుర్తుందా? జావా ప్రోగ్రాములు లాగ్‌లు రాయడానికి వాడే లాగ్‌ఫోర్‌జే లైబ్రరీలో భద్రతా లోపం బయటపడింది. 2.15 వేశాం, అది చాలదని 2.16 వచ్చింది, కొద్దిరోజులకే 2.17. ఆ నెలలో పాత సిస్టమ్ చూసేవాళ్ళు ఒక్కరు కూడా సరిగ్గా ఇంటిపట్టున లేరు. లైబ్రరీలు ఎక్కడెక్కడ ఉన్నాయో తెలిసిన టీమ్‌లు ఒక రోజులో వెతికి పట్టుకున్నాయి, తెలియనివాళ్ళు వారాలు వెతికారు. మెయింటెనెన్స్‌ని వాయిదా వేస్తే ఆ పని ఎప్పుడో ఒక శుక్రవారం రాత్రి మన ఇంటికే వస్తుంది.

జావా అప్లికేషన్లు కట్టే ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్ 3కి వెళ్ళాలంటే కనీసం జావా 17 కావాలి, పైగా కోడ్‌లో జావా ఈఈకి చెందిన జావాఎక్స్ ప్యాకేజీల పేర్లు జకార్తాగా మారాలి. చేత్తో మార్చొద్దు, ఓపెన్‌రీరైట్ లాంటి టూల్స్ చాలావరకు చేసిపెడతాయి. సర్టిఫికెట్లు కూడా చూసుకోండి. పబ్లిక్ టీఎల్‌ఎస్ సర్టిఫికెట్ల (వెబ్‌సైటు అసలైనదేనని చూపేవి) గరిష్ఠ గడువు 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027లో 100, 2029 మార్చికి 47 రోజులు. ఏడాదికోసారి ఎక్సెల్‌లో తేదీ చూసి మార్చే పద్ధతి ఇక నడవదు. ఆటోమేట్ చేయకపోతే నెలన్నరకోసారి ఎవరో ఒకరి పెళ్ళిలో మీ ఫోన్ మోగుతుంది.

లీడ్_నల్లకుంట
దీనికి టైమ్ ఇవ్వరని అంటారు కదా, "అప్‌గ్రేడ్" అని వేరే ప్రాజెక్టుగా అడిగితే ఇవ్వరు. ప్రతి స్ప్రింట్‌లో (టీమ్ పని విడతలో) ఐదో వంతు దీనికని మొదటి రోజే పక్కన పెట్టేయండి. నేను అలానే ఇస్తున్నా.

కొండాపూర్_కుర్రాడు
ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి పనివేళల తర్వాత ఫోన్ ఎత్తకపోయే హక్కు వచ్చింది. ఫ్రాన్స్‌లో 2017 నుంచే ఉంది. మనకెప్పుడు?

జావా17_జనార్దన్
2018లో సుప్రియా సూలే గారు లోక్‌సభలో ప్రైవేటు మెంబర్ బిల్లు పెట్టారు, చట్టం కాలేదు. అది వచ్చేదాకా ఆఫర్ లెటర్లో ఏముందో చూసుకోవడమే. ఇంటర్వ్యూలోనే అడగండి: వారానికి రాత్రి ఎన్ని అలర్టులు వస్తాయి, అలవెన్స్ ఎంత, రాత్రి లేస్తే మర్నాడు ఆలస్యంగా రావచ్చా. తడుముకున్నారంటే అక్కడ పరిస్థితి ఏంటో తెలిసిపోతుంది.

నైట్‌బ్యాచ్_తెనాలి
అందరికీ థాంక్స్. వారం తర్వాత వస్తున్నా.

షీట్ చేశాను. సగానికి పైగా "చూసి పడుకున్నా" అనే వచ్చాయి. సీపీయూ అలర్ట్ తీసేశాం, డిస్క్‌ది మార్చాం. లీడ్_నల్లకుంట గారు చెప్పినట్టే మెయిల్ రాశాను. మా లీడ్ మొదట కాస్త ముఖం మాడ్చుకున్నారు, రాతలో ఎందుకు పెట్టావని. రెండు రోజులకి ఆయనే పైకి ఫార్వర్డ్ చేసి ఇంకో టీమ్ నుంచి ఒకమ్మాయిని ఇప్పించారు. పోయిన బుధవారం ఫైలు సగంలో తెగిపోయి వచ్చింది. ఆ అమ్మాయి పేజీ చూసి చేసింది, నేను మావయ్యగారు చెప్పినట్టు ఫోన్‌లో వింటూ కూర్చున్నా. మాట్లాడకుండా ఉండటం చాలా కష్టంగా అనిపించింది. రెండు చోట్ల ఆగింది, ఆ రెండూ పేజీలో చేర్చాం. జనవరిలో లాప్‌టాప్ లేకుండా వెళ్తానని చెప్పాను, ఒప్పుకున్నారు.

ఒక్కటి మాత్రం తేలలేదు. లెక్క సరిచూసే ప్రొసీజర్ మధ్యలో ఆగితే మొదటి నుంచి మళ్ళీ నడపలేం, కొన్ని వరసలు రెండుసార్లు చేరిపోతాయి. చేత్తో తుడిచి నడుపుతున్నా. కొత్తవాళ్ళకి ప్రొడక్షన్‌లో డిలీట్ కొట్టమని ఎలా చెప్పను?

మెయిన్‌ఫ్రేమ్_మావయ్య
చెప్పకు. ఆ పని ప్రోగ్రామే చేసుకోవాలి.

డల్లాస్_డీబీఏ
లూప్ లోపల కమిట్ (అప్పటిదాకా చేసింది డేటాబేస్‌లో ఖాయం చేయడం) ఉందా చూడు. ప్రతి వెయ్యి వరసలకో కమిట్ లాంటిది ఉంటే నీ బాధంతా అందులోంచే. ఆ టేబుల్‌కి బ్యాచ్ నంబర్ కాలమ్ ఉందా? ఉంటే ప్రొసీజర్ మొదట్లోనే ఆ బ్యాచ్ నంబర్ వరసలు తుడిచి మొదలయ్యేలా పెట్టు, ఎన్నిసార్లు నడిపినా ఒకటే ఫలితం వస్తుంది. లేకపోతే ఇన్‌సర్ట్ తీసేసి మెర్జ్ (వరస ఉంటే మార్చి, లేకపోతేనే చేర్చేది) వాడాలి, దానికి నమ్మదగ్గ యూనిక్ కీ కావాలి. బ్యాంకు వాళ్ళ రిఫరెన్స్ నంబర్‌ని మాత్రం కీగా పెట్టేముందు రీఫండ్లలో అదే నంబర్ మళ్ళీ వస్తుందేమో చూసుకో. కంపెనీ పేర్లు, అసలు డేటా ఏమీ లేకుండా టేబుల్ నిర్మాణం వరకు ఇక్కడ పెట్టు, శనివారం కూర్చుని చూస్తా.

నైట్‌బ్యాచ్_తెనాలి
లూప్‌లో కమిట్ ఉంది అన్నా, ఐదువందలకొకటి. బ్యాచ్ నంబర్ కాలమ్ లేదు, ఫైలు తేదీ ఉంది. ఒక్కోరోజు రెండు ఫైళ్ళు వస్తాయి. రేపు రాత్రికి నిర్మాణం పెడతాను.